ఇంట్లో కుందేలు ఈనితే: మైత్రి గురించి నాలుగు మాటలు

 



ఈ పున్నమికి వందనం, పంచశీల అయినాక సమ్యక్ వాక్కు గురించి మాట్లాడుకోవాలని అనుకున్నాం. ఒక ఉపాసిక అడిగిన ప్రశ్న దాన్ని పక్కకు నెట్టింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"అన్నా, పిల్లోల్లు పోరు పెడితే సంతలో రెండు తెల్ల కుందేళ్ళు తెచ్చినాం. రెండూ ఆడవేనని అమ్మినాయప్ప చెప్పినాడు. నిన్న తెల్లారి చూస్తే మూలన బొచ్చు కుప్ప, దాంట్లో ఏడు ఎర్రటి పిల్లలు మెదులుతాండాయి. మా అత్త యాడన్నా పారేసి రమ్మంటాంది. పక్కింటాయన మాకియ్యండి, పెద్దయినాక కోసుకుంటాం అంటాండాడు. పాప ఏడుపు నిలపలేదు. ఏం జేయాలన్నా?"

ధమ్మం గురించి అడగమంటే కుందేళ్ళ గురించి అడుగుతుందే అని ఇద్దరు ముగ్గురు నవ్వినారు. ఇది ధమ్మం ప్రశ్నే. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 13వది తీసి చూడండి. అన్ని ప్రాణుల పట్ల దయతో ఉంటాను, వాటిని కాపాడతాను అని మనం మాట ఇచ్చినాం. దీక్ష రోజు చెయ్యెత్తి పలికినప్పుడు ఏ ప్రాణి మన గడపలోకి వస్తుందో మనకు తెలియదు. ఏనుగు వస్తుందా, కుందేలు వస్తుందా అని ఎంచుకుని ఇచ్చిన మాట కాదది.

'బుద్ధుడు ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ కరుణకూ మైత్రికీ తేడా చూపిస్తారు. కరుణ మనిషికి మనిషి మీద ఉండే ప్రేమ. మైత్రి అంతకన్నా పెద్దది, ప్రాణమున్న ప్రతిదాని మీదా ఉండేది. బుద్ధుడు కరుణ దగ్గర ఆగకుండా మైత్రి దాకా పోయినాడని ఆయన రాసినారు. దాని ప్రకారం ఆ ఏడు పిల్లల సంగతి కరుణ దాటిన లెక్క.

ఇది ఎక్కడో ఉత్తరదేశం మాట కూడా కాదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. 2,200 ఏళ్ళు దాటినాయి. మొదటి శాసనంలో యాగాలకు, బలులకు ప్రాణుల్ని చంపవద్దని ఉంది. రాజుగారి వంటింట్లో ఒకప్పుడు కూరకోసం రోజుకు లక్షల ప్రాణులు తెగేవట. శాసనం చెక్కించేనాటికి మూడుకు వచ్చింది: రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, ముందు ముందు ఆ మూడూ ఉండవు అని చెక్కించినాడు. రెండో శాసనంలో మనుషులకు, పశువులకు రెండింటికీ వైద్యం ఏర్పాటు చేసినట్టు, మందు మొక్కలు నాటించినట్టు, దారుల పక్కన బావులు తవ్వించినట్టు ఉంది. మన కర్నూలు సీమలో, మేకలు కాసుకునేవాళ్ళు నీడకు కూర్చునే గుండ్ల మీద ఈ మాటలు ఉన్నాయి. పిల్లల్ని ఒకసారి తీసుకుపోయి చూపించండి. దేవళాలకు బస్సులు కట్టించుకుని పోయిన కాలం మనకు తెలుసు కదా, దీనికీ ఒకటి కట్టించుకుందాం.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. మైత్రి అనగానే "అయితే మీరు మాంసం మానేసినారా?" అని ఎగతాళిగా అడిగేవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. మన తిండిని చూపించి మనల్ని ఊరి బయట నిలబెట్టిన చరిత్ర మరిచిపోయేది కాదు. 1948లో వచ్చిన తన పుస్తకంలో అంటరానితనం పుట్టుకను బాబాసాహెబ్ గొడ్డుమాంసం తిండితో ముడిపెట్టి వివరించినారు. కాబట్టి శాకాహారమే శుద్ధి, మిగతాది మైల అనే కొలబద్దను మనం మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోవద్దు. అహింసను బుద్ధుడు గుడ్డి నియమంగా పెట్టలేదు, ఒక సూత్రంగా చెప్పినాడని బాబాసాహెబ్ అంటారు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరు. ఆకలికి వండుకున్నవాడిని తప్పు పట్టడానికి నేను ఈ మాటలు రాయడం లేదు. కానీ పాప పేరు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని మేపిన ప్రాణిని, ఇంట్లో తిండికి కరువేమీ లేకపోయినా, అడ్డంగా ఉందని కత్తి కిందికి పంపితే అది అవసరమా? ఎవరికి వారు జవాబు చెప్పుకోండి. కళ్ళు తెరవని పిల్లల్ని కంపచెట్లలో పారేయడానికైతే ఏ అవసరమూ లేదు. అది చంపడమే, చెయ్యి మాత్రం మనది కాదు, కుక్కది.

అత్తగారు పారేయమన్నది కోపంతో కాదని నాకు తెలుసు. "మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానీయదు, ఎట్లాగూ చస్తాయి" అని ఆమె నమ్మకం. మన వైపు చాలామంది ఇదే అంటారు. జాతక కథల్లో ఒక పిరికి కుందేలు ఉంది. తాటాకు మీద మారేడు పండు పడిన చప్పుడుకు భూమి బద్దలైందని పరుగు తీస్తుంది. దాన్ని చూసి మిగతా కుందేళ్ళు, వాటి వెంట జింకలు, అడవి పందులు, ఏనుగులు అన్నీ పరుగే. ఒక సింహం మాత్రం నిలబెట్టి "ఎవరు చూసినారు?" అని అడుగుతుంది. కాలాములకు బుద్ధుడు చెప్పింది ఈ అడగడమే. పెద్దలు చెప్పినారని, అందరూ అంటున్నారని నమ్మవద్దు, పరీక్షించి చూడు అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళ ముందు, కాళ్ళు లెక్కపెట్టి చూడమనడమే ధమ్మం.

లెక్కపెట్టి చూద్దాం. పెంపుడు కుందేలు మనిషి చెయ్యి తగిలిందని పిల్లల్ని వదిలెయ్యదు. చెయ్యి కడుక్కుని, తల్లి ఒంటిని నిమిరి, తర్వాత పిల్లల్ని ముట్టుకుంటే చాలు. తల్లి రోజంతా పిల్లల దగ్గర లేదని కూడా భయపడుతారు. అది దాని స్వభావం. రోజుకు ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, ఎక్కువగా చీకట్లో వచ్చి నాలుగైదు నిమిషాలు పాలిచ్చి పోతుంది. అడవిలో గూటి దగ్గర తచ్చాడితే నక్కకు దారి చూపించినట్టే కదా. పాలు తాగినాయా లేదా తెలియాలంటే పొద్దున పిల్లల కడుపు చూడండి. గుండ్రంగా, నిండుగా ఉంటే తాగినట్టు. కడుపు లోపలికి పోయి, చర్మం ముడతలు పడి, ఒళ్ళు చల్లగా ఉంటే తాగలేదు.

ఈనకముందు తల్లి రొమ్ము మీది, కడుపు మీది బొచ్చు పీక్కుని గూడు కడుతుంది. ఆ గూటిని చెదరగొట్టవద్దు. నేల మీద ఈనితే టమాటా కొయ్యపెట్టె లాంటిది, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్నది తీసుకుని, సందులకు అట్ట కట్టి, లోపల ఎండుగడ్డి పరిచి, ఆ బొచ్చుతో సహా పిల్లల్ని అందులో పెట్టండి. తల్లి దూకి వెళ్ళేంత తక్కువ ఎత్తు, పిల్లలు బయటికి దొర్లనంత ఎక్కువ ఎత్తు ఒక పక్క ఉండాలి. చచ్చి పుట్టినవి ఉంటే వెంటనే తీసేయండి. రోజుకు ఒకసారి చూస్తే చాలు. వీధి పిల్లలందరూ వరసగా వచ్చి చూస్తే తల్లి బెదురుతుంది. బెదిరిన తల్లి, దాహంతో ఉన్న తల్లి పిల్లలకు హాని చేసిన సందర్భాలు ఉంటాయి. అందుకే దాని ముందు నీళ్ళ గిన్నె ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకూడదు. పాలిచ్చే తల్లి మీరు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ తాగుతుంది. మేతకు ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. దాంతో గరిక, లూసర్న్, బూజు పట్టని బుడ్డల కట్టె ఇవ్వవచ్చు. అన్నం, రొట్టె, బిస్కెట్లు వద్దు.

మన కర్నూలు, కడప ఎండ వేరే చెప్పాలి. కుందేలుకు మనలాగా చెమట పట్టదు. చెవుల నుంచే వేడి పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మనకు మే నెలలో 40 దాటుతుంది. రేకుల కింద పెట్టిన గూడు పొయ్యితో సమానం. వేపచెట్టు నీడన, లేదా ఇంట్లో చల్లటి నేల ఉన్న మూలన పెట్టండి. గూడు పక్కన తడి గోనెపట్ట వేలాడదీయండి. గుడ్డ చుట్టిన చల్లటి నీళ్ళ సీసా పెడితే తల్లి దానికి ఆనుకుని పడుకుంటుంది. పిల్లలు చెల్లాచెదురుగా పడి రొప్పుతుంటే బొచ్చు కొంచెం తగ్గించండి. కుప్పగా ముడుచుకుని వణుకుతుంటే కప్పండి.

ఇంకొకటి చీమలు. గండుచీమలు ఒక్క రాత్రిలో కళ్ళు తెరవని పిల్లల్ని చంపేస్తాయి. పెట్టెను నాలుగు కాళ్ళ స్టూలు మీద పెట్టి, కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. చక్కెర డబ్బాకు చేసేదే. చీమల మందు చల్లవద్దు, అది తల్లి నాకుతుంది. శశ జాతకం మీకు తెలుసు. బోధిసత్త్వుడు కుందేలుగా ఉండి, మారువేషంలో వచ్చిన శక్రుడికి ఆహారంగా మంటలో దూకిన కథ. అడిగినవాడి కోసం ఒళ్ళు కాల్చుకోమని మన పిల్లలకు నేర్పాల్సిన పని లేదు, మన పెద్దలు అట్లా చాలాకాలం కాలినారు. నాకు ఆ కథలో నచ్చేది ఒక చిన్న సంగతి. దూకేముందు కుందేలు మూడుసార్లు ఒళ్ళు విదిలించుకుంటుంది, బొచ్చులో ఉన్న పురుగులు తనతోపాటు చావకూడదని. కుందేలు పిల్లలూ బతకాలి, చీమలూ వాటి దారిన పోవాలి. నీళ్ళ గిన్నెతో రెండూ అవుతాయి.

తల్లి చనిపోయినా, పాలివ్వకపోయినా ఆవుపాలు, బర్రెపాలు గొంతులో పోయకండి. వాటికి అవి సరిపడవు, వెల్లకిలా పట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తాయి. అదే వయసు పిల్లలున్న ఇంకో తల్లి దొరికితే దాని గూట్లో కలపడం అన్నిటికన్నా మంచిది. లేకపోతే ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి పోండి. ఇంట్లో ఉన్న మన మాత్రలు వేయవద్దు. మనుషులు మింగే అమాక్సిసిలిన్ లాంటివి కుందేలు కడుపులోకి పోతే ప్రాణం తీస్తాయి.

పది, పన్నెండు రోజులకు కళ్ళు తెరుస్తాయి. మూడో వారానికి గడ్డి కొరుకుతాయి. ఎంత చూసుకున్నా ఏడింటిలో ఒకటో రెండో పోవచ్చు. అప్పుడు పాపకు ఏమి చెబుతారు? దేవుడు తీసుకుపోయాడని చెప్పకండి, మనం ఆ మాట వదిలి వచ్చినాం. మనం చేసిన పాపమని అసలే చెప్పకండి. అన్నిటికన్నా చిన్నది, తోసుకుని పాల దగ్గరికి పోలేకపోయింది, పుట్టిన ప్రతిదీ ఒకరోజు పోతుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటే కిసాగోతమి ఊరంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చిన కథ చెప్పండి. పాపనే చెట్టుకింద గుంట తీయనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

పొలంలో దొరికే చెవులపిల్లి సంగతి వేరు. అది అడవి కుందేలు. దాని పిల్లలు పుట్టుకతోనే బొచ్చుతో, తెరిచిన కళ్ళతో ఉంటాయి. ఒంటరిగా కనిపించినా తల్లి దగ్గర్లోనే ఉంటుంది, అక్కడే వదిలేయండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, చంపడం నేరం. పండగ వేట పేరుతో పోయే కుర్రవాళ్ళకు ఈ ముక్క చెప్పండి. అట్లాగే పెంపుడు పిల్లల్ని కూడా "స్వేచ్ఛ ఇచ్చినాం" అని చేనులో వదలకండి, ఒక్క రాత్రి బతకవు.

చివరగా ఆ ఉపాసిక ఇంటికి పోయి మొదట చేయాల్సిన పని. రెండో కుందేలు పోతు. దాన్ని ఈ రోజే వేరే గూట్లోకి మార్చాలి. తల్లి ఈనిన రోజే మళ్ళీ సూలు కట్టగలదు, 31 రోజులకు ఇంకో ఈత. పాలు ఆరేడు వారాలు తాగనిచ్చి, మూడు నెలలు నిండకముందే పిల్లల్లో ఆడవి, పోతులు వేరు చేయాలి. మాటమీద కాదు, డాక్టరుకు చూపించి తేల్చుకోవాలి. ప్రాణుల వ్యాపారాన్ని ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో బుద్ధుడు చెప్పినాడు, కాబట్టి అమ్మకానికి పెట్టవద్దు. పెంచుకుంటామని మాట ఇచ్చిన ఇళ్ళకు ఇవ్వండి, ఒక్కోటి ఇవ్వడం కన్నా ఆడవి రెండు కలిపి ఇవ్వండి, తోడు లేకపోతే బెంగపడతాయి. వచ్చే పున్నమికి ఎవరింట్లో చోటుందో వాళ్ళు ముందే చెప్పి పెట్టండి. పక్కింటాయన కూడా అడిగినాడు కదా, ఆయన్ని ముందు ఒకసారి పిల్లల్ని చూడటానికి పిలవండి, కళ్ళు తెరిచిన తర్వాత.