కొయ్యని పువ్వు

డబ్బు పెట్టి కొన్న పూలగుత్తి ఎవరికైనా ఇచ్చేటప్పుడు నాకే సందేహమూ కలగదు. షాపతను జిలుగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి నా చేతిలో పెడతాడు. నేను తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెడతాను. మధ్యలో నా మనసుకి పనేముంది? చిక్కంతా పెరటి పూలతోనే వచ్చింది.

మొన్న సంక్రాంతికి ముందు మా టీచరుగారి ఎనభయ్యో పుట్టినరోజు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పారావిడ. నా మొట్టమొదటి కథలో అక్షర దోషాలన్నీ ఎర్రసిరాతో దిద్ది, "కథ మాత్రం బావుందే" అన్నదీ ఆవిడే. చీర పెడితే "నాకెందుకే ఇంకా చీరలు" అంటారు. స్వీట్లు పనికిరావు, షుగరు. ఆవిడ ప్రాణమల్లా మొక్కలు. ఆ మొక్కలున్న ఇల్లు కాస్తా మూడేళ్ళ కిందట అమ్మేసి, కొడుకుతోపాటు అపార్టుమెంటులో మూడో అంతస్తుకి మారిపోయారు. అంచేత మా పెరటి పూలే గుత్తి కట్టి తీసుకెళదామనుకున్నాను.

అనుకున్నంత సులువేం కాదు. మన పూలు చాలావరకు జడకీ, దేవుడికీ పుట్టినవి, గుత్తికి ఒదగవు. మల్లెకీ, కనకాంబరానికీ కాడేదీ? మందారాన్ని ఆశపడి కోశారో, సాయంత్రానికి ముడుచుకుపోతుంది. నయం, చలికాలం కాబట్టి చామంతులున్నాయి. కాస్త చూసుకుంటే వారం రోజులైనా నిలబడతాయి. ఎండ పొడ తగలకముందే వెళ్ళి, పదునైన చాకుతో కాడలు ఏటవాలుగా కోసి, వెంటనే బకెట్లో నీళ్ళలో వేశాను. నీళ్ళలో మునిగే ఆకులు దూసెయ్యాలి, లేకపోతే అవి కుళ్ళి పూలని కూడా తీసుకుపోతాయి. నందివర్ధనం కొమ్మ కోస్తే పాలు కారుతుంది. దాన్ని వేరే చెంబులో కాసేపు ఉంచాను. వెనకాల రెండు లిల్లీ కాడలు, అదే, మన నేలసంపెంగ. అడుగు నుంచి పైకి ఒక్కొక్కటే విచ్చుకుంటూ పోతుంది కాబట్టి నాలుగు రోజుల ముచ్చట. మధ్యలో పసుపు చామంతులు, వాసనకి మరువం రెమ్మలు. అరటినారతో కట్టేశాక నాకే ముద్దొచ్చింది.

అప్పుడు వెళ్ళాను గులాబీ దగ్గరికి.

టీచరుగారు ఇల్లు ఖాళీ చేస్తున్న రోజున, వానలో తడుస్తూ, ఒక కొమ్మ కోసి నాకిచ్చారు. "బతికితే నీది" అన్నారు. కోసిన కొసన పేడముద్ద పెట్టి గుచ్చాను. ఒక ఏడు మేక కొరికేసింది. మరో ఏడు మొగ్గ తొడిగి, పిండినల్లి పట్టి రాలిపోయింది. ఈ ఏడు ఒక్కటంటే ఒక్కటి పూసింది. ముదురెరుపు, దగ్గరికెళ్ళకుండానే వాసన. ముందురోజే విచ్చింది. చాకు పట్టుకుని చెయ్యి చాపాను. చాపి, వెనక్కి తీసుకున్నాను.

కారణాలకేం కరువు? చెట్టుమీదుంటే ఇంకో నాలుగు రోజులుంటుంది. పైగా పుష్పవిలాపం ఉండనే ఉంది. కరుణశ్రీగారు రాసి, ఘంటసాలగారు పాడి, తెలుగుదేశంలో పువ్వు కోసే ప్రతి చేతికీ కాస్త వణుకు తెప్పించి వెళ్ళారు. నిజమే గాని, అప్పటికే పాతిక చామంతులు కోసేసిన చేతికి ఆ ఒక్క గులాబీ దగ్గరే కరుణ పుట్టుకు రావడమేమిటి?

ఆటోలో కూర్చున్నాక అదే ఆలోచన. ఆకైనా పువ్వైనా భక్తితో ఇస్తే చాలని గీతలో కృష్ణుడన్నాడు. మంచి పువ్వు ఇంట్లో దాచుకుని మిగతావి తెమ్మన్నట్టు ఎక్కడా గుర్తులేదు. చామంతులు రేపు మళ్ళీ పూస్తాయి, నాకు లోటేమీ లేదు. లోటు లేనిది ఇస్తే ఇచ్చినట్టా, వదిలించుకున్నట్టా? నా నవలల్లో కథానాయకులు ఇప్పటికి బోలెడు గులాబీలు ఇచ్చారు. ఒక్కడైనా సొంత పెరట్లోంచి కోశాడని రాయలేదు నేను. రాసివుంటే సగంమందికి చేతులు రాకపోను!

అలాగని, లోటుపడితేనే ఇచ్చినట్టని కూడా ఒప్పుకోలేను. మా అమ్మమ్మ రోజూ చల్ల చిలికి వీధి వీధికంతా మజ్జిగ పోసేది. వెన్న తీసుకున్నాకే పోసేదనుకోండి. ఆ సంగతి గిన్నె పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఎవరూ తక్కువగా తీసుకోలేదు, ఆవిడా తక్కువగా ఇవ్వలేదు.

టీచరుగారు గుత్తిని ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లని చూసినట్టు చూశారు. ఒక్కొక్క పువ్వునీ వేలితో తాకి, "ఇవన్నీ నీ పెరట్లోవే?" అని మురిసిపోయారు. మరువం చిదిమి వాసన చూశారు. ఇత్తడి చెంబు తెప్పించి నీళ్ళలో పెట్టించి, అప్పుడడిగారు.

"అవునే, నా గులాబీ పూసిందీ?"

"ఇంకా లేదు టీచర్" అన్నాను. అంత తడుముకోకుండా ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

"పూస్తే మాత్రం కొయ్యకు. ఒక్క ఫోను చెయ్యి, నేనే వచ్చి చెట్టుమీద చూస్తాను. తెంపింది చూసి ఏం చేసుకోను?"

చూశారా! నేను చాకు వెనక్కి తీసుకోవడమే ఆవిడకి కావలసిన కానుక. కానీ పూయలేదని చెప్పేశానే. వచ్చేదారంతా నా పేరు నేనే తిట్టుకున్నాను. ఆ రాత్రీ, మర్నాడూ ఫోను దగ్గరికి వెళ్ళి వచ్చాను. మూడో రోజు పొద్దున్న పైరేకలు కాస్త వాలినట్టనిపించి భయమేసి చేసేశాను. "నిన్న సాయంత్రం విచ్చింది టీచర్" అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు.

గంటలో కొడుకు స్కూటరు మీద దిగారు. చెప్పులు గుమ్మంలో వదిలి, కర్ర పొడుచుకుంటూ తిన్నగా పెరట్లోకి నడిచారు. పువ్వు ముందు చాలాసేపు నిలబడ్డారు. కింది రేకని గోటితో మెల్లిగా ఎత్తి చూశారు. ఎరుపు అంచుల దగ్గర నీలం తిరుగుతోంది.

"ఇది నిన్నటి పువ్వు కాదే" అన్నారు. నావైపు తిరగలేదు.

నేను మాట్లాడలేదు.

"సరేలే. కాఫీ పెట్టు. పంచదార వెయ్యకు" అని, తోటకుర్చీ గులాబీకి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు.