చూరులోని గ్లాసు

1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రి వచ్చిన తుపాను కోనసీమను తలక్రిందులు చేసినది. లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలినవి. బలుసుతిప్ప, భైరవపాలెములనుండి వేటకు బోయినవా రనేకులు మరలి రాలేదు. అది లోకవిదితము. మేము చెప్పదలచినది ఇంటిలోని చిన్నమాట.

మేమప్పటికి బడిపిల్లలము. అమలాపురము చేరువనున్న మా పెంకుటింటి వెనుక చూరులో నొక గ్లాసు దోపియుండెడిది. తోటపనికి వచ్చు కూలివారు దానిని తామే తీసి, పైనుండి పోసిన నీరు త్రాగి, కడిగి, మరల నచటనే దోపెడివారు. గాలి చూరును, గ్లాసును గూడ గొనిపోయినది. తాటాకిండ్లు కూలిన నాలుగు కుటుంబములవారు మా సావిడిలో తలదాచుకొనిరి. పొయ్యి యొక్కటి, రాత్రికొక బుడ్డిదీపము. రాలిన బొండములు కొట్టుకొని త్రాగితిమి. తడిసిన బియ్యముతో గంజి కాచితిమి. ఒకే చెంబు అందరి చేతులు మారినది. మా నాయనమ్మయు నేమియు ననలేదు. పిల్లలమగు మాకది పండుగవలె నుండెనని చెప్పుటకిప్పుడు సిగ్గగుచున్నది.

దీనిని ఆపద్ధర్మమందురు. శాంతిపర్వమున విశ్వామిత్రుడు కరవునాడు చండాలుని యింట కుక్కమాంసమునకు చేయిచాచిన కథ యందరెరిగినదే. మా సందేహ మా పేరునందే యున్నది. సాటిమనుష్యునితో కలిసి త్రాగుట ధర్మమైనచో దానికాపద యేల? అధర్మమైనచో ఆ దినములలో మాకు పాపభీతి యేల కలుగలేదు? మేము చూపినది దయయా, గతిలేమియా? వారు మాత్రము తమ యిండ్లు పోయియుండియు, మా దొడ్డిలో పడిన చెట్లను కూలి యడుగకయే నరికి త్రోవ చేసిరి.

కొన్నాళ్లకు పెంకులు నేయించిరి. మరునాడు చూరులో క్రొత్తగ్లాసు కనబడినది. కూలివారు మాటాడక చేయిచాచి దానిని తీసికొనిరి. పెట్టినదెవరని యింట నెవరును నడుగలేదు, మేమును నడుగలేదు.