పుట్టిన యూరి ఋణము

తటాక నిర్మాణమును మన పెద్దలు సప్తసంతానములలో నొకటిగా గణించిరి. కన్నకొడుకుతో సమానముగా చెరువు నెన్నిన జాతి మనది.

సూరతు నగరమున వజ్రములకు సానపట్టు వృత్తిలో నున్నవారు పెక్కుమంది సౌరాష్ట్ర గ్రామములనుండి వచ్చినవారే. కరవులును, ఎండిన బావులును వారిని ఊరు విడిపించినవి. వారిలో మథుర్ సవాణీ తన స్వగ్రామమైన ఖోపాలాలో వాగులకు అడ్డముగా చిన్న ఆనకట్టలు కట్టించుటకు పూనుకొనెను. పరుగెత్తు వాననీరు అచ్చట నిలిచి, మెల్లగా భూమిలోని కింకి, బావుల నూటలను మేల్కొలుపును. ఊరిబావిలో నీరున్ననాడు గదా ఆడుపిల్ల బిందె దింపి పలక పట్టగలుగుట! 2014లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

నాలుగవ తరగతితో చదువు మానిన సవ్జీ ఢోలకియాయు సూరతులో వజ్రవర్తకుడై, అమ్రేలీ ప్రాంతమున చెరువులు త్రవ్వించెను. ఆయన స్వగ్రామమైన దూధాళాలో ప్రభుత్వ సహకారముతో నిర్మించిన భారతమాతా సరోవరమును 2024 అక్టోబరు 28న ప్రధానమంత్రి ప్రారంభించెను.

వీరిని దాతలనుట లోకరీతి. తల్లికి అన్నము పెట్టిన కొడుకును దాత యందుమా? ఋణము తీర్చుచున్నానని తలచినవానికి గర్వము దరిచేరదు. దానము చేసితినని తలచినంతనే చేసిన పుణ్యము పూడికవలె అడుగున చేరి చెరువునే మింగును. ఫలకముపై పేరు చెక్కించుట ఒకనాటి పని. పూడిక తీయుట ఏటేటి పని. ఆ తట్ట మోసిన కూలివాని పేరు ఏ ఫలకమున కెక్కును? అతడు గట్టుమీద తట్ట దించి, దోసిలితో ఆ నీరే త్రాగి, ఇంటికి పోవును.