భరతుడి ముచ్చట చెప్పు

భివండిలో మా మొదటి సంక్రాంతికి సకినాలు చుట్టే చేతులు కరువయ్యాయి. బియ్యం నానబోసి గిర్నీలో పట్టించుకొచ్చాం. గిర్నీని మరాఠీలోనూ గిర్నీ అనే అంటారు. ఆ పరాయి ఊళ్లో అర్థం అడగకుండా తెలిసిన మొదటి మాట అదే. పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట పరిచి మా ఆవిడ ఒక్కతే కూర్చుంది. ధర్మపురి దగ్గర మా ఇంట్లో అయితే ఆ బట్ట చుట్టూ అయిదారుగురు ఉండేవాళ్లు. నాలుగు చుట్టి చేతులు దులుపుకుంది. నేనేమో ఊళ్లో పనెందుకు దొరకలేదో, పొలం పంపకాల్లో ఎవరెవరు ఏం చేశారో ఏకరువు పెట్టడం మొదలెట్టాను. పండగ పూట!

అరణ్యకాండ పదహారో సర్గ ఆ తర్వాత ఎప్పుడు చదివినా ఆ పూటే గుర్తుకొస్తుంది. పంచవటిలో హేమంతం. తెల్లవారుజామున సీతారాములు గోదావరికి స్నానానికి బయల్దేరారు. వెనకాల కడవ పట్టుకుని లక్ష్మణుడు. నీకిష్టమైన కాలం వచ్చింది అన్నా, అంటూ మొదలుపెడతాడు. బరువుకి వంగిన వరి వెన్నుల బంగారు రంగు, దాహంతో వచ్చి చల్లటి నీళ్లు తగలగానే తొండం వెనక్కి లాక్కునే ఏనుగు, అన్నీ చెబుతాడు. కొత్త ధాన్యంతో జనం పితృదేవతల్ని పూజించుకున్న సంగతీ చెబుతాడు. కొత్త బియ్యం, పెద్దలకు నువ్వుల నీళ్లు: మన పెద్ద పండగా అదే కదా!

అక్కడి నుంచి లక్ష్మణుడి మనసు ఇంటికి పోయింది. ఇంత చలిలో అన్న భరతుడు సరయూలో ఎలా మునుగుతున్నాడో, కటిక నేల మీద ఎలా పడుకుంటున్నాడో. ఆ వెంటనే మాట కైకేయి మీదికి మళ్లింది. రాముడు అక్కడే ఆపాడు. అమ్మను తప్పుపట్టకు నాయనా, ఆ భరతుడి ముచ్చటే చెప్పు అన్నాడు. ఇల్లు తలుచుకోవద్దనలేదు, గమనించండి. తలపు ఏ దారిన పోవాలో మాత్రం చూపించాడు.

మా గదిలో నన్ను ఆపింది పక్కింటి ఆజీ, అంటే అవ్వ. స్టీలు గిన్నెతో వచ్చి, 'తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా' అంటూ అరచేతిలో నువ్వుల ఉండ పెట్టింది. నువ్వులూ బెల్లం తీసుకో, తియ్యగా మాట్లాడు అని. అది వాళ్లు ఆ రోజు అందరికీ చెప్పే మాటే. నాకే చెప్పినట్టనిపించి నోరు మూసుకున్నాను. ఆమె బట్ట మీదున్నవి చూసి చక్లీలనుకుంది. అచ్చు లేకుండా వేళ్లతోనే చుడతామంటే నమ్మలేదు. కూర్చుని తనూ మొదలుపెట్టింది. వంకరటింకర. మా ఆవిడ నవ్వాపుకోలేక, ఊళ్లో మా అమ్మ చెయ్యి ఎంత వేగంగా తిరుగుతుందో వచ్చీరాని హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. బట్ట నిండేదాకా అదే ముచ్చట. రథసప్తమి లోపు ఆజీ పసుపు కుంకుమ పేరంటానికి పిలిచింది. నోము వస్తువులు ఇవ్వడానికి ముత్తైదువులు ఎక్కడున్నారని దిగులు పడ్డ మనిషికి వాకిలి నిండా దొరికారు.

నాన్న పోయాక ఒక సంక్రాంతికి నాసిక్ వెళ్లాం. పంచవటి తమదేనని నాసిక్ వాళ్లంటారు, భద్రాచలం దగ్గరి పర్ణశాలే అని మనమంటాం. నాకు తగువేం లేదు, రెండుచోట్లా గోదావరే. త్ర్యంబకంలో పుట్టి నాసిక్ మీదుగా వచ్చి, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, నాన్న ఏటా తర్పణాలు వదిలిన ధర్మపురి రేవును తాకి పోతుంది. మొత్తం 1,465 కిలోమీటర్ల నడక. రామ్‌కుండ్‌లో నువ్వులూ నీళ్లూ దోసిట పట్టుకుని ఈ మాటే అన్నాను. పక్కనున్న ఇంజినీరు మిత్రుడు నవ్వాడు. మధ్యలో జాయక్‌వాడి ఉంది, బాబ్లీ ఉంది, శ్రీరాంసాగర్ ఉంది, ఏ చుక్క చేరుతుందయ్యా అన్నాడు. ఆ లెక్క నాకూ తెలుసు. తర్పణానికి ముఖం దక్షిణానికే తిప్పాను గానీ, చూపు మాత్రం నీళ్ల వెంటే పోయింది.