చంద్రునిపై అజాన్ వినిపించిందా?

1969 జూలై 20న అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై దిగారు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ సుమారు రెండున్నర గంటలు ఆ నేలపై నడిచారు. మైకేల్ కాలిన్స్ కక్ష్యలోనే ఉండిపోయాడు. ఇంతవరకూ చరిత్ర. దీనికి మన సమాజంలో ఓ కథ వచ్చి చేరింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అక్కడ ఏదో ధ్వని వినిపించిందట. తర్వాత కైరోలో అజాన్ వినగానే అది ఇదేనని గుర్తుపట్టి ఇస్లాం స్వీకరించాడట!

ఇది నిజం కాదు. మలేషియా, ఇండోనేషియా, ఈజిప్టుల్లో ఈ వార్త పాకిపోయింది. 1983 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాల్లోని తన రాయబార కార్యాలయాలకు వివరణ పంపింది. ఏ మతాన్నీ అగౌరవపరిచే ఉద్దేశం ఆర్మ్‌స్ట్రాంగ్‌కు లేదని, అయితే ఆయన ఇస్లాం స్వీకరించాడన్నది మాత్రం వాస్తవం కాదని అందులో పేర్కొంది. ఆయన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లెబనాన్ అనే ఊళ్లో ఉండేవాడు. ఆ పేరు చూసి అరబ్బు దేశమనుకున్నవారూ లేకపోలేదు! 2012లో ఆయన చనిపోయినా కథ మాత్రం చావలేదు.

"పోనీలెండి, దీనివల్ల దీన్‌కు మేలే కదా" అంటారు కొందరు. మేలేమిటి? గాలి లేని చోట శబ్దం ప్రయాణించదని మన పిల్లలు బడిలో చదువుతున్నారు. ఈ కథ బూటకమని తెలిసిన రోజున, అదే నోటితో మనం చెప్పిన నమాజు, ఆఖిరత్ మాటలను వారు ఏ దృష్టితో చూస్తారు? వార్త అందితే నిర్ధారించుకోమని హుజురాత్ సూరా మనల్ని ఆదేశిస్తోంది. మనకు నచ్చిన వార్తకు అందులో మినహాయింపు లేదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితంలోని ఒక ఘట్టం చూద్దాం. హిజ్రీ 10లో ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం (రజి) కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీం మరణించినందుకే సూర్యుడు చీకటయ్యాడని మదీనా ప్రజలు చెప్పుకోసాగారు. ఆయన ఏమీ అనకపోయినా ఆ మాట దానంతటదే వ్యాపించేది, విన్నవారి భక్తి పెరిగేది. పైగా అది బిడ్డను పోగొట్టుకున్న తండ్రి దుఃఖంలో ఉన్న సమయం. అయినా ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. గ్రహణం చూసినప్పుడు నమాజు చేయమని, దుఆ చేయమని బోధించారు.

ఇకపై ఏ జల్సాలోనైనా ఈ కథ వినిపిస్తే మనమేం చేయాలి? వక్తను పదిమందిలో నిలదీయనక్కర్లేదు. సభ ముగిశాక సలాం చేసి, పక్కన కూర్చుని, 1983 నాటి వివరణ గురించి మెల్లగా చెప్పవచ్చు. మన ఫోనుకు వస్తే మాత్రం, ఇంకొకరికి పంపకుండా అక్కడితో ఆపేయాలి.