అరిగిన అచ్చు

చంద్రగిరి నుండి రాజ్యమేలి 1614వ సంవత్సరమున కీర్తిశేషుడైన వేంకటపతిరాయలు తన వరహాలపై తోరణము క్రింద నిలిచిన తిరుమలేశుని ముద్రింపించెను. వెనుకవైపున నాగరిలిపిలో శ్రీ వేంకటేశ్వరాయ నమః అని యుండును. వరహా బరువు మూడున్నర గ్రాములకు లోపే. చింతగింజంత బిళ్లపై ఇంత పని!

ఇట్టి నాణెముపై స్వామి ముఖము నున్నగా గనబడినచో, చేతులు మారి మారి అరిగినదని మనము జాలిపడుదుము. అది యన్నివేళల నిజము కాదు. పూర్వము టంకసాలలో అడుగు అచ్చును దాగలిలో బిగించి, దానిపై బంగారుబిళ్ల నుంచి, పై అచ్చును చేతబట్టి సమ్మెటతో గొట్టెడివారు. దెబ్బ యొరిగినచో నొక ప్రక్క రూపము లేవదు. అచ్చు బిళ్లకంటె పెద్దదైనచో అక్షరములు సగము వెలుపలనే నిలుచును. ఇక మాటిమాటికి సమ్మెటపోటు తినెడి పై అచ్చు తానే యరిగిపోవును. దానినుండి వెడలిన క్రొత్త వరహా పుట్టుకతోనే ముసలిదివలె నుండును. ఇది చేతిపనికే పట్టిన లోపమనరాదు. 1866లో అమెరికావారు రాగియు నికెలును గలిపి అయిదుసెంట్ల నాణెములను యంత్రములతో గొట్టగా, ఆ లోహపు కాఠిన్యమునకు ఉక్కు అచ్చులే బీటలువారినవి.

అయినను త్రాసులో వేసినచో అట్టి వరహా సరిగానే తూగును. రూపము చూచి వట్టము కోసెడి షరాబు అన్యాయము చేసినవాడే.

మన యిండ్లలో ఇట్టి షరాబులు లేరా? ఆడుపిల్లను చదువు నడుమనే బడి మానిపింతురు. పిదప నామె పద్దు వ్రాయలేకున్న, దాని బుద్ధియే యంత యందురు. పదుగురి బిడ్డలకు నొక్కటే పాఠమును ముప్పదియేండ్లు వల్లించిన గురువు, శిష్యుని మందమతి యనును. అచ్చును పరీక్షించినవా రెవరు?

అట్లయిన తప్పుచేసిన ప్రతివాడును అచ్చును నిందించి తప్పించుకొనడా యని కొందరడుగవచ్చును. బంగారము తగ్గిన వరహాను మేము సమర్థించుట లేదు. దానికి గీటురాయి కలదు. మా తగవు గీటురాయి తీయకమునుపే తీర్పు చెప్పువారితోనే.

తరువాత చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీవారు ఇరువురు దేవేరులను జేర్చి మూడు స్వాముల వరహా కొట్టించిరి. రానురాను విగ్రహములు గీతలైనవి. వెనుకవైపున నామాక్షరములకు మారుగా చుక్కలే మిగిలినవి. ఏ పనివాడును దైవమును జెరపవలెనని పూనుకొని యుండడు. ముందున్న వరహాను జూచి చెక్కినవాడే గాని తిరుమల యెక్కి చూచి చెక్కినవాడు కాడు. మన ఆచారములను మనకప్పగించిన పెద్దలలోను ఇట్టివారే హెచ్చు. ఆ చుక్కలలో నేమున్నదో చదివి చెప్పుమని పిల్లవాడడిగినప్పుడు మనకు గోపము వచ్చుచున్నది.