ఏమీ తోచడం లేదు

అబద్ధాల్లో చాలా రకాలున్నాయి. లేని డబ్బు ఉందని చెప్పేది ఒకటి, ఉన్న వయసు లేదని చెప్పేది ఒకటి. ఫలానా సందర్భాల్లో ఆడినా ఫరవాలేదని బలి చక్రవర్తికి శుక్రాచార్యులవారు వల్లించిన జాబితా ఒకటి ఉండనే ఉంది. ఆ జాబితాలో ఎక్కడా లేని అబద్ధం నేను కిందటేడు రెండు నెలలపాటు రోజూ చెప్పాను. హాయిగా, మహా సంతోషంగా ఉండి కూడా, "ఏమీ తోచడం లేదమ్మాయ్" అన్నాను. చెప్పింది తెనాల్లో ఉన్న మా మరదలితో. చెప్పింది అమెరికా నుంచి.

సంగతి మొదట్నుంచీ చెబుతాను. మా పిన్ని కూతురు, నాకు అక్క వరస, 1974లో డాక్టరు భర్తతో మిన్నెసోటా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఒంటరిది. మిన్నెసోటాలో జనవరి అంటే సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి దిగే రోజులుంటాయి. అందుకని ఏటా చలికాలం రాగానే ఆరిజోనాలోని మేసా అనే ఊరికి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళేవాళ్ళు వేలకి వేలు. వాళ్ళకి అక్కడ 'స్నోబర్డ్స్' అని పేరు. మన కొల్లేటికీ నేలపట్టుకీ చలికాలం పిట్టలు రావడంలేదూ, అలాగే. ఒకటే తేడా. ఈ పిట్టలు పిల్లల్ని పెంచడానికి రావు, పెంచేసి వస్తాయి.

"నువ్వూ రావే, రెండు నెలలు నాతో ఉందువుగాని" అంది అక్క. మావారు విమానంలో అంతసేపు కూర్చోలేనని హైదరాబాదులో అబ్బాయి దగ్గర ఉంటానన్నారు. ఇక మిగిలింది అమ్మ. అమ్మకి తొంభై ఒకటి. జ్ఞాపకం పోయి నాలుగేళ్ళయింది. తమ్ముడి దగ్గర ఉంటుంది గనక చూసుకునేది మరదలు. నేను గుంటూరు నుంచి వారానికి రెండు రోజులు వెళ్ళి ఆ పిల్లకి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేదాన్ని. నేను వెళ్తే ఆ రెండు రోజులూ పోతాయి. అడిగితే, "వెళ్ళి రండి వదినా, నేను లేనా?" అంది. కాదనదని తెలిసే అడిగాననుకోండి.

మేసాలో అక్క ఉండేచోటుని రిసార్టు అంటారు. రిసార్టంటే మన సినిమాల్లో చూపించే రకం కాదు. చక్రాలమీద వచ్చి ఆగిపోయిన చిన్న చిన్న ఇళ్ళ బారులు. ఒక్కొక్కటి నాలుగు వందల చదరపు అడుగులకి మించదు. సందులంట నారింజ చెట్లు. తూర్పున సూపర్‌స్టిషన్ కొండలు. పగలు పల్చటి ఎండ, రాత్రికి శాలువా. అంటే అచ్చం మన సంక్రాంతి వాతావరణం. ఈ పెద్దవాళ్ళ కాలనీల ముచ్చట ఆ ప్రాంతంలో పాతదే. 1960 జనవరి 1న ఫీనిక్స్ పక్కన డెల్ వెబ్ అనే కాంట్రాక్టరు సన్ సిటీ తెరిస్తే ఆ మొదటి వారాంతంలోనే లక్షమంది చూడ్డానికి వచ్చారట. 1995 నాటి చట్టం ప్రకారం ఇలాంటి చోట నూటికి ఎనభై ఇళ్ళలో కనీసం ఒక్కరికైనా యాభై అయిదేళ్ళు నిండి ఉండాలి. చిన్నవాళ్ళు చుట్టపుచూపుగా రావాల్సిందే. లోకంలో ముసలివాళ్ళు కుర్రాళ్ళకి నిబంధనలు పెట్టగలిగే చోటు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

అక్కడ పొద్దున్న ఎనిమిదింటి నుంచీ క్లాసులే. కొయ్య చెక్కడం, రాళ్ళు సానబట్టడం, బొంతలు కుట్టడం, వరసల్లో నిలబడి డాన్సు చెయ్యడం. నేర్పేవాళ్ళూ అక్కడి కాపురస్తులే. కొయ్య పని నేర్పే ఆయన జీవితమంతా పైపులు బిగించిన ప్లంబరు. పరీక్ష లేదు, హాజరు లేదు. 1973లో ఫ్రాన్సులోని టూలూజ్‌లో రిటైరైన వాళ్ళ కోసం ఒక విశ్వవిద్యాలయమే పెట్టారని చదివాను గానీ, చదువు దేనికీ ఉపయోగపడకపోవడంలో ఉన్న సుఖం ముప్ఫై నాలుగేళ్ళు పంతులమ్మగా చేసిన నాకు అక్కడ కూర్చుంటేగాని అర్థం కాలేదు. నా రాయి సరిగా నునుపు తేలలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

అసలు కథ పాటది. చిన్నప్పుడు నాకు నాలుగేళ్ళు సంగీతం చెప్పించారు. వర్ణాల దాకా వచ్చి పెళ్ళి దగ్గర ఆగింది. ఆ రోజుల్లో చాలామంది ఆడపిల్లల సంగీతానికి పెళ్ళే మంగళం. అక్కడ మంగళ, గురువారాలు కోరస్ క్లాసు. నేర్పే ఆయనకి ఎనభై దాటాయి, ఒకప్పుడు స్కూలు పిల్లలకి బ్యాండు నేర్పేవారట. నా గొంతు విని ఆల్టోలో కూర్చోబెట్టారు. ఆల్టో అంటే ఆడవాళ్ళలో కింది వరస. పై వరస వాళ్ళు సొప్రానోలు. పాట అసలు వరస ఎక్కువగా వాళ్ళదే. మగవాళ్ళలో మళ్ళీ రెండు వరసలు. అందరూ ఒకే మాట పలుకుతారు గానీ ఒకే స్వరం మీద కాదు. అక్కడొచ్చింది నాకు ప్రాణసంకటం. మనకి వందమంది పాడినా ఒక్క గొంతులా వినపడాలి. తిరువయ్యూరులో పుష్య బహుళ పంచమినాడు అంతమంది విద్వాంసులు కూర్చుని పంచరత్నాలు పాడితే అందరిదీ ఒకే బాట. ఇక్కడ ముందు వరస ఆవిడ పంచమం మీద ఉంటే నేను గాంధారం పట్టుకుని వేలాడాలి. మొదటి వారమంతా నా గొంతు నాకు తెలీకుండానే వెళ్ళి సొప్రానోలతో కలిసిపోయేది, పుట్టింటికి పారిపోయిన కొత్త కోడల్లా. నా పక్క కుర్చీ ఆవిడ మోచేత్తో మెల్లిగా పొడిచి వెనక్కి తెచ్చేది.

మూడో వారం ఒక గురువారం నాలుగు వరసలూ కుదిరాయి. నా గొంతు నాకు విడిగా వినపడుతూనే ఉంది, అందరిలోనూ కలిసే ఉంది. ఒళ్ళు జలదరించింది. అరవై ఏడేళ్ళొచ్చి అలాంటి అనుభవం కొత్తగా కలుగుతుందని నేననుకోలేదు.

ఇక స్నేహాలు. అరిస్టాటిల్ స్నేహాలు మూడు రకాలన్నాడు. ఉపయోగం కోసం చేసేది, సరదా కోసం చేసేది, ఎదుటివాడి మంచితనం చూసి చేసేది. మొదటిది ముసలివాళ్ళలో ఎక్కువట, రెండోది కుర్రవాళ్ళలోనట. మహానుభావుడు మేసా చూడలేదు. అక్కడ ఎవరికీ ఎవరితోనూ పనిలేదు. అప్పులడగరు, సంబంధాలు చూడమనరు. మునుపు ఏ ఉద్యోగం చేశావని కూడా అడగరు. "ఏ ఊరు? ఏ క్లాసు?" అంతే. నేను తెనాలి అంటే, "అక్కడ చలెంత?" అని ఒకాయన అడిగాడు. తెల్లారుజామున మఫ్లరు చుట్టుకునేంత అన్నాను. సస్కాచెవాన్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి నవ్వాపుకోవడానికి చాలాసేపు పట్టింది. శనివారం తలా ఒక వంటకం తెచ్చుకుని అందరూ కలిసి తింటారు, మన కార్తీక వనభోజనాల్లాగే. నా పులిహోర గిన్నె మొదటివారం సగం మిగిలింది, రెండోవారం అడుగంటింది.

ఇవి రైలు స్నేహాలే గదా అని నాకూ అనిపించింది. కానీ ఆ రైలే ఏటా అదే పెట్టెలో అదే మనుషుల్ని ఎక్కించుకుని పదేళ్ళు నడిస్తే దాన్నేమనాలి? వాళ్ళలో చాలామంది అలా కలుసుకుంటున్నవాళ్ళే.

సరే, నా పక్క కుర్చీ ఆవిడ దగ్గరకొస్తాను. డెబ్భై ఎనిమిదేళ్ళు, మిన్నెసోటా మనిషే. పాటా డాన్సూ రెంటికీ ముందుండేది. ఒకనాడు బట్టలుతికే మిషన్ల గదిలో ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. చాకిరేవు ఎక్కడున్నా చాకిరేవే. "మొగుణ్ణి మతిమరుపు జబ్బు వాళ్ళ హోమ్‌లో పడేసి వచ్చి ఇక్కడ గెంతుతోంది" అని. పైకి ఏమీ అనలేదు గానీ, నేనూ లోపల తల ఊపాను. ఊపానని ఒప్పుకుంటున్నాను.

రోజూ సాయంత్రం ఆరింటికి ఆవిడ నారింజ చెట్టు కింద బెంచీమీద కూర్చుని ఫోను మాట్లాడేది. ఒకరోజు నన్నూ కూర్చోమంది. అవతల ఎవరో నర్సు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టినట్టుంది. ఈవిడ ఇవాళ్టి పాట ఏమిటో, ఎవరు ఎక్కడ తప్పారో, మధ్యాహ్నం ఏం తిన్నదో వరసగా చెప్పింది. అవతల నుంచి ఊఁ అని కూడా లేదు. అయ్యాక, "ఆయనకి తెలుస్తుందా?" అన్నాను. "లేదు. యాభై రెండేళ్ళుగా ఆ రోజు ఏం జరిగిందో చెప్పకుండా పడుకోలేదు. ఇప్పుడెందుకు మానాలి?" అంది. తర్వాత మామూలుగానే అడిగింది, "నువ్వు ఇంటికి ఫోను చేసినప్పుడు ఏం పాడావో చెబుతావా?"

లేదన్నాను. "అక్కడ మా మరదలు మా అమ్మ పక్కబట్టలు మారుస్తూ ఉంటుంది. నేనిక్కడ పాడుకుంటున్నానని ఎలా చెప్పను?" అన్నాను.

"పాడుతున్నావుగా" అంది ఆవిడ.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆవిడ చేసింది ఒప్పా తప్పా అన్న తీర్పు నాకెందుకు? నన్ను పొడిచింది వేరే. ఆవిడ సుఖానికి ఖర్చు ఆవిడే పెట్టుకుంది. దాచుకున్న డబ్బుతో హోముకి కడుతోంది, నర్సులకి జీతాలిస్తారు, వాళ్ళకి డ్యూటీ దిగే వేళ ఉంటుంది. నా రెండు నెలల సుఖానికి డబ్బు కడుతున్నది ఎవరు? మా మరదలి నడుము. దానికి డ్యూటీ దిగే వేళ లేదు.

ఇంతకాలం నేను నా అబద్ధానికి దయ అని పేరు పెట్టుకున్నాను. పాపం, కష్టంలో ఉన్న పిల్లకి మన ఆనందం చెప్పి నొప్పించడమెందుకని. అది దయ కాదు, జమాఖర్చు దాచిపెట్టడం. నేను సుఖపడ్డానని తెలిస్తే నేను బాకీపడతాను. "ఏమీ తోచడం లేదు" అంటే ఇద్దరమూ కష్టపడుతున్నట్టే లెక్క, చెల్లుకి చెల్లు. మన ఇళ్ళలో ఇది కొత్త కాదనుకుంటాను. తీర్థయాత్ర నుంచి వచ్చినవాళ్ళు ముందు కాళ్ళనొప్పుల గురించే ఎందుకు చెబుతారో ఆలోచించండి. సంతోషించడం తప్పని మనకెవరూ నేర్పలేదు. ఇంకొకళ్ళ చాకిరీ మీద సంతోషించి, అది వాళ్ళకి తెలియకుండా చూసుకోవడం మాత్రం బాగా అలవాటైంది.

ఇంత తెలిసీ మర్నాడు ఫోనులో ఏం చెప్పానంటారా? మళ్ళీ అదే. మా ఏడున్నర రాత్రి, వాళ్ళకి మర్నాటి పొద్దున ఎనిమిది. అమ్మకి ఇడ్లీ తినిపిస్తూ మరదలు భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కుకుని, "ఎలా ఉంది వదినా?" అంది. "ఏముందమ్మాయ్, ఏమీ తోచడం లేదు." జ్ఞానం వేరు, నాలిక వేరు.

తిరిగొచ్చాక తెనాలి వంటింట్లో, అది గోరుచిక్కుళ్ళు వలుస్తుండగా, అంతా చెప్పేశాను. పాటలూ, నారింజ చెట్లూ, చివరి శనివారం కచేరీలో మేం పాడితే జనం లేచి నిలబడటం, అంతా. తలెత్తకుండా విన్నది.

"నాకు తెలుసు వదినా. మీరు ఫోను చేసినప్పుడల్లా వెనకాల ఎవరో నవ్వుతూనే ఉండేవాళ్ళు" అంది.

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని." ఇంకో నాలుగు చిక్కుళ్ళు వలిచింది. "అయితే వచ్చే చలికాలం నాకూ రెండు నెలలు కావాలి."

కోపంగా అనలేదు. కొట్లో వస్తువు అడిగినట్టు అడిగింది. అడిగినంత తేలిగ్గా నేను సరేననలేకపోయాను. చేతిలో కాయ పూర్తిగా వలిచాక అన్నాను.

అందుకని ఈ ధనుర్మాసం అంతా నేను తెనాల్లో ఉన్నాను. వారానికి రెండు రోజులు చూసుకోవడం వేరు, ఏడు రోజులూ చూసుకోవడం వేరు. రాత్రి మూడింటికి అమ్మ లేచి తన పుట్టింటికి తీసుకెళ్ళమంటుంది. మొదటి పదిరోజుల్లో నేను రెండుసార్లు అమ్మ మీద అరిచాను, ఒకసారి స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చాను. మరదలు ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఏడ్చిందో ఎవరికీ లెక్క లేదు.

మొన్న పొద్దున్న అమ్మకి జడ వేస్తూ మేసాలో నేర్చిన పాట నా వరస పాడాను. ఆల్టో వరస ఒక్కటీ పాడితే అందులో పాటేమీ ఉండదు, ఒకే చోట నిలబడి గునిసినట్టుంటుంది. అమ్మ కాసేపు విని, "ఎవరమ్మా నువ్వు? తప్పు పాడుతున్నావు" అంది. నేనెవరో తెలీదు గానీ తప్పు తెలిసింది. మిగతా వాళ్ళు దూరాన ఉన్నారమ్మా అన్నాను.

మరదలు విశాఖపట్నంలో వాళ్ళక్క దగ్గరుంది. పొద్దున్నే బీచికి నడక, సాయంత్రం హార్మోనియం క్లాసు అని మా మేనకోడలు చెప్పింది. నిన్న ఫోను చేసింది. "ఎలా ఉందమ్మాయ్?" అన్నాను.

"ఏముంది వదినా, ఏమీ తోచడం లేదు" అంది. వెనకాల హార్మోనియం మీద ఎవరో సరళీస్వరాలు తడుముతున్నారు, నలుగురైదుగురు ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు.

"సరేలే, పండగ వెళ్ళాక ఇంకో పదిరోజులుండి రా" అన్నాను.